సూపర్‌వైజరు నోట నురగ

పిల్లికి మాత్ర మింగించడం తనకు వచ్చునని చెప్పుకునే డాక్టరును నేను నమ్మను. ఆ మాట పిల్లి చెప్పాలి.

నేను తమిళనాడు హోసూరులో, మత్తిగిరి దారిలో ఉన్న ఒక పెంపుడు జంతువుల క్లినిక్కులో చాలా ఏళ్ళు డాక్టరుగా పనిచేశాను. చివరికి పిల్లి బొచ్చు పడక, ఆయాసం తెచ్చుకుని, యాభై నిండకముందే ఇంట్లో కూర్చున్నాను. పిల్లుల డాక్టరుకు పిల్లి బొచ్చు పడకపోవడం మీద మీకు తోచే హాస్యాలన్నీ మా బంధువులు ఇప్పటికే ఆడేశారు. కొత్తవి ఉంటే దాచుకోండి, ముందుకు పోదాం.

ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, ఒక పిల్లికి చీముగడ్డ. యాంటీబయాటిక్ ఇచ్చాను. మాత్ర మింగడం లేదంట. పొడి చేసి తిండిలో కలపమని చెప్పేదా?" అంది.

"ఆగమ్మా. చెప్పకు. ముందు నా మెస్సు కథ విను" అన్నాను.

"తర్వాత వింటాను మేడమ్, బయట కుక్క ఉంది" అని పెట్టేసింది. కుక్క ఉంటే ఉండనీ. కాగితం ఎదుటివాళ్ళ మాట మధ్యలో పెట్టేయదు కదా అని ఆ అమ్మాయి కోసం, ఆమెలాగా కొత్తగా స్టెతస్కోపు మెడలో వేసుకున్న మీ అందరి కోసం ఇది రాస్తున్నాను.

మా క్లినిక్కు యజమాని కూడా డాక్టరే. పెద్దాయన. సర్కారు కొలువంతా ఆవులతో, ఎద్దులతో గడిపి, కృష్ణగిరిలో రిటైరై, హోసూరులో అపార్ట్‌మెంట్లు లేచేకొద్దీ కుక్కలూ పిల్లులూ పెరుగుతున్నాయని కనిపెట్టి క్లినిక్కు తెరిచాడు. మంచి వైద్యుడు, కాదనను. ఆవు కడుపులో చెయ్యి పెట్టి దూడ ఏ పక్కకు తిరిగి ఉందో చెప్పగలిగేవాడు. అయితే ఆయన దృష్టిలో పిల్లి అంటే పాలివ్వని చిన్న ఆవు. "ఏముండాదమ్మా, బరువు చూడు, భాగించు, పొడు" అనేవాడు. పిల్లి భాగహారానికి లొంగదని నేను. లొంగక యాడికి పోతుందని ఆయన. ఈ వాదన రోజూ కాఫీతో పాటు వచ్చేది. కాఫీ అయిపోయేది, వాదన మిగిలేది.

మూడోవాడు మా కాంపౌండరు. ఆయన పని జంతువులను పట్టుకోవడం. భుజం మీద ఎప్పుడూ ఒక మందపాటి తువ్వాలు ఉండేది. ఏ పిల్లి ఎటు దూకబోతుందో పిల్లి కంటే ముందు ఆయనకు తెలిసేది. తువ్వాలు విసిరితే, విప్పేది వైద్యం అయిపోయాకనే. ఆ తువ్వాలును గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు మూకండపల్లి నుంచి ఒకావిడ బియ్యం సంచిలో పిల్లిని వేసుకుని వచ్చింది. ఆవిడ తరతరాలుగా హోసూరు మనిషి. అక్కడి ఫ్యాక్టరీలకు ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చిన మగపిల్లలకు మెస్సు నడుపుతుంది. మూడు షిఫ్టుల వాళ్ళకూ వేళకు అన్నం పెట్టే మనిషి. గొంతు కూడా మూడు షిఫ్టులకూ సరిపోయేదే.

"పేరేంది?" అని చీటీ రాస్తూ అడిగాను.

"సూపర్‌వైజరు."

"నీ ఉద్యోగం కాదమ్మా, పిల్లి పేరు."

"పిల్లి పేరేమ్మా అది. మా మెస్సు పిల్లోళ్ళు పెట్టినారు. పనేమీ చెయ్యడు. అందరి ఎనకాల తిరుగుతా ఉంటాడు. అన్నం టయానికి మాత్రం ముందుంటాడు."

సంచిలోంచి తల బయటికి వచ్చింది. పెద్ద గండుపిల్లి. ఒక చెవి చిరిగి, మొహం సొరకాయంత వెడల్పు. కుడి దవడ మీద నిమ్మకాయంత వాపు. రాత్రుళ్ళు గోడల మీద ఎవరితోనో కొట్లాడి పంటిగాటు తెచ్చుకున్నాడు. పిల్లి కోర సూదిలాంటిది. పైన చర్మం వెంటనే మూసుకుపోతుంది, లోపల చీము వంట మొదలుపెడుతుంది. చీము తీసి, కడిగి, వారానికి సరిపడా యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చి పంపాను.

ఈ పిల్లికి మెస్సులో నిజంగానే ఒక ఉద్యోగం ఉంది. ఆదివారం ఆవిడ చేపల పులుసు చేస్తుంది. మొదటి ముక్క సూపర్‌వైజరుకు పెట్టాలి. వాడు తింటే "క్వాలిటీ పాస్" అని మగపిల్లలందరూ చేపకు చీటీలు తీసుకుంటారు. వాడు తినకపోవడం ఎన్నడూ జరగలేదు కాబట్టి ఇది ఉత్త వేడుక. కాని వేడుకలు ఉత్తవని ఎవరూ నమ్మరు.

కొన్నాళ్ళకు అదే సంచి, అదే మొహం, అదే దవడ మీద అదే నిమ్మకాయ.

"మాత్రలు ఏసినావా?" అన్నాను.

"ఏసినానమ్మా. మూడు దినాలు ఏసినాను."

"మూడు దినాలా! వారానికి ఇస్తి గదా."

"తగ్గిపోయె గదమ్మా. అన్నం తిన్నాడు, గోడెక్కినాడు. ఇంగెందుకులే అని నిలిపేసినాను. మాత్రలు ఒంటికి వేడి గదా."

"మిగిలినవి ఏం చేసినావు?"

"దాసిపెట్టినాను. మళ్ళ వస్తే ఏద్దామని."

చూశారా, మళ్ళీ రావడానికి ఏర్పాటంతా చేసి పెట్టుకుంది. నాకు నోరు లేచింది. నా నోటి సంగతి హోసూరంతా ఎరుగుదురు.

"మెస్సులో అన్నం వండేటప్పుడు పైన మెతుకు మెత్తబడిందని పొయ్యి ఆర్పేస్తావా?"

"అయ్యో, అదెట్లమ్మా. అడుగున పలుకుంటుంది గదా."

"ఈడా అడుగున పలుకుండాది! చీములోని క్రిముల్లో మూడు దినాలకు చచ్చేటివి మెత్తనివి. మిగిలేటివి మొండివి. నువ్వు మొండివాటిని ఏరి, వాటికి అన్నం పెట్టి, సంసారం పెట్టించి, మళ్ళ నా తాకి తెచ్చినావు."

చీము మళ్ళీ తీసి, ఏ మందుకు లొంగుతుందో చూడమని బెంగళూరు ల్యాబుకు పంపాము. నేను ఇచ్చిన పాత మందుకు లొంగలేదు. ఇంకొంచెం గట్టి మందు ఇవ్వాల్సి వచ్చింది. దాని పేరు మీకందరికీ తెలుసు, పరీక్షల్లో రాసే ఉంటారు. దాని చేదు మాత్రం ఎవరికీ తెలియదు. కంపెనీ వాళ్ళు అందుకే పైన పూత పూస్తారు. "ఈసారి ఒక్క పూట తప్పినా నా మొహం చూడొద్దు" అన్నాను. మా కాంపౌండరు పిల్లిని తువ్వాలులో చుట్టి, తల పైకెత్తి, మాత్ర నాలుక వెనక వేసి, సిరంజితో కాసిని నీళ్ళు పట్టి చూపించాడు. ఆవిడ కళ్ళప్పగించి చూసింది.

"నాకు ఇంత సాదకం లేదమ్మా. తిండిలో పెట్టి ఇయ్యొచ్చా?"

అప్పుడే ఒక ఆల్సేషన్ తన యజమానిని లోపలికి ఈడ్చుకొస్తోంది. "పెట్టు, పెట్టు. లోపలికి పోతే చాలు" అన్నాను.

ఇప్పుడు అసలు రోజుకు వద్దాం. ఆదివారం. క్లినిక్కు ఒంటిపూటే. పెద్దాయన ఫోన్ మోగింది. ఆయనకు చెవి కాస్త మందం, అందుకని స్పీకరు పెట్టే మాట్లాడేవాడు. మెస్సు ఆవిడ గొంతు గది నిండా పరుచుకుంది.

"సార్, మా సూపర్‌వైజరుకు నోట్లో నురగ సార్! నురగంటే నురగ! గింగిరాలు తిరగతా ఉండాడు! పట్టుకోబోయినోణ్ణి గీరేసినాడు!"

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించలేదు. "నురగా? పిచ్చమ్మా అది, రేబిస్. దూరంగా ఉండండి. తలుపేసుకోండి. ఎవురూ ముట్టుకోవద్దు" అని పెట్టేశాడు.

"సార్, నురగ ఎప్పుడొచ్చిందో అడగాల్సింది" అన్నాను.

"ఎప్పుడొస్తే ఏమమ్మా? నురగ నురగే."

"అన్నం తినకముందా, తిన్నాకనా?"

"నా సర్వీసులో నురగ కక్కిన ఆవుల్ని ఎన్నిటిని చూసినాను..."

"అది ఆవు కాదు సార్! పిల్లి! పిల్లికి చేదు తగిలినా నురగే, భయమేసినా నురగే, మిమ్మల్ని చూసినా నురగే!"

చివరి మాట అనకుండా ఉండాల్సింది కాబోలు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు తీశాడంటే తిట్టడానికి తమిళంలోకి మారతాడని అర్థం. కాని ఆ రోజు తెలుగులోనే అన్నాడు. "పో తల్లీ. నీ పూచీ మీద పో. అది రేబిస్ అయితే మాత్రం రేపట్నుంచి ఈ క్లినిక్కు గడప తొక్కొద్దు."

నేను స్కూటీ తీశాను. కాంపౌండరు వెనక ఎక్కాడు, భుజం మీద తువ్వాలుతో.

మూకండపల్లిలో ఆ వీధి చూడాలి. చేపల పులుసు కలిపిన చేతులతో జనం వీధిలో నిలబడి ఉన్నారు. ఇద్దరు ఆగి ఉన్న టెంపో మీదికి ఎక్కారు. శ్రీకాకుళం కుర్రవాడొకడు ముంజేయి పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు. "ఓలమ్మో, నన్ను గీరీసింది మేడమ్. నా పళ్ళెం దగ్గర నుండి లాగబోతే గీరీసింది." పక్కన కరీంనగర్ మనిషి, "గా పిల్లికి పిచ్చిలేసింది మేడం. మా మెయింటెనెన్స్‌ల గిట్లనే ఒకని కుక్క కరిస్తే..." అని మొదలుపెట్టి, తనే భయపడి ఆపేశాడు.

గుమ్మంలో ఇంటి ఓనరు. అత్తిముగం దగ్గర రోజాపూల తోట ఉన్న మనిషి. ఒక చేతిలో మామిడికాయలు కోసే చిక్కం కట్టిన గడ, ఇంకో చేతిలో గోనెసంచి. పైన గదుల్లో ఉన్నవాళ్ళు ఆ పూటే ఖాళీ చేస్తామని ఆయన మీద పడ్డారు.

"డాక్టరమ్మా, వచ్చినారా. మంచిదాయె. ఒక సూదేసి ముగించేయండి. లేదంటే చెప్పండి, మేమే సంచిలో కట్టి యాడన్నా కొండదావలో పారేసి వస్తాము" అన్నాడు. తర్వాత మెస్సు ఆవిడ వైపు తిరిగి, "ఇదో చూడమ్మా, ఈ ఇంట్లో పిల్లన్నా ఉండాల, మెస్సన్నా ఉండాల. రెండూ కుదరదు" అన్నాడు.

మూడు షిఫ్టులకు సరిపోయే ఆ గొంతు అప్పుడు అర షిఫ్టుకు కూడా సరిపోలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వాడు నాతాకి వచ్చినప్పుడు చేతిలో పట్టేటంత ఉన్నాడప్పా" అంది. అంతే అంది.

నేను లోపలికి పోయాను. సూపర్‌వైజరు బియ్యం మూటల మీద ఎక్కి కూర్చుని ఉన్నాడు. నోటి నుంచి తెల్లగా తీగలు తీగలుగా నురగ. ముంగాలితో నాలుకను పీక్కుంటున్నట్టు గీకుతున్నాడు. కాని కళ్ళు చూశాను. ఆ కళ్ళలో పిచ్చి లేదు, ఘోరమైన అవమానం ఉంది. నన్ను చూసి కిందికి దూకి, బకెట్టు దగ్గరకు పోయి గటగటా నీళ్ళు తాగాడు. మింగుతున్నాడు! నాకు కాస్త ఊపిరాడింది.

"మాత్ర ఎట్ల ఇచ్చినావు?" అని ఆవిడను అడిగాను.

"పొద్దున చేప ముక్కలో పెట్టినానమ్మా. ముక్క తినేసి మాత్ర మూటకాడ ఉమ్మేసినాడు. మీరు పూట తప్పకూడదంటిరి గదా. అందుకని రోట్లో నూరి వాడి గిన్నెలో పులుసుకు కలిపినాను. జీలకర్ర నూరినట్ల మెత్తగా నూరినాను. ఇంగ యాడికి పోతాడు?"

వంటమనిషి బుర్ర అది. ఏ వస్తువైనా నూరి పులుసులో వేస్తే దాని బలం దిగుతుందని వాళ్ళ శాస్త్రం. కంపెనీ వాడు పూసిన పూతంతా రోట్లో పోయింది, దాచిన చేదంతా పిల్లి నాలుక మీదికి వచ్చింది. నేను బయటికి వచ్చి ఈ మాటే చెప్పాను.

ఓనరు నవ్వాడు. "మాత్రకు నురగొస్తుందా? చుమ్మా, ఊరికే చెప్పకండమ్మా. మేమెన్ని మాత్రలు మింగలేదు?"

"మీరు మింగినారు. నూరి నాకలేదు."

"కతలు!"

ఇలాంటప్పుడు పుస్తకాల్లో ఏం చెయ్యాలని ఉంటుందో నాకు తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "రోలు తీసుకురా" అన్నాను. మాత్ర వేసి నూరించాను. అందరూ చూస్తుండగా వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. మీరు ఇలాంటి పని చెయ్యకండి. ఆ మందు నా ఒంటికి పడుతుందని నాకు ముందే తెలుసు, మీకు మీ సంగతి తెలియదు.

వేపాకు తిన్నాను, కాకరకాయ రసం తాగాను. అవన్నీ పాయసాలు. ఈ చేదు నాలుక మీద ఆగదు. చెవుల వెనక్కి పోతుంది, అక్కడి నుంచి మెడలోకి దిగుతుంది. నోట్లో ఎక్కడెక్కడి నీళ్ళో ఊరి పెదాల చివరి నుంచి కారడం మొదలైంది. మాట్లాడదామని నోరు తెరిస్తే బుడగలు వచ్చాయి.

"ఓలమ్మో, డాక్టరమ్మకీ పట్టీసిందర్రా!" అని టెంపో మీద నుంచి కేక.

జనం పది అడుగులు వెనక్కి పోయారు. ఓనరు గడ నా వైపు తిప్పాడు. అంతలో నా భుజాల మీద ఏదో పడింది. మా కాంపౌండరు! ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, నురగ కనబడగానే తువ్వాలు విసిరేసి నన్ను వెనక నుంచి చుట్టి పట్టుకున్నాడు.

"వదులప్పా, నేనే!" అన్నాను బుడగల మధ్య నుంచి.

"అయ్యో, తెలీలేదు మేడమ్" అన్నాడు. వదలడానికి మాత్రం కాస్త టైము పట్టింది.

నేను నోరు కడుక్కుని వచ్చేసరికి గాలి మారింది. కరీంనగర్ మనిషి వచ్చి రోట్లో వేలు పెట్టబోతే చేతి మీద ఒకటి వేశాను. ఓనరు గడ దించాడు. కాని ఆయన తరతరాల వ్యాపారి. సరుకు చూశాక కూడా బేరం వదలడు.

"సరే, నురగ మాత్రది. అయితే వాడికి రేబిస్ లేదని మీరు ఖండితంగా చెప్తారా?"

ఆ పిల్లికి టీకా లేదు. రాత్రుళ్ళు ఎవరెవరితో కొట్లాడాడో తెలియదు. నాకు నమ్మకం ఉంది. కాని నమ్మకం టీకా కాదు.

"చెప్పలేను. గీరించుకున్నోడు ఇప్పుడే కొళాయి కింద సబ్బుతో బాగా కడుక్కోని, పెద్దాసుపత్రికి పోయి సూది ఏయించుకోవాల, దాంట్లో మాటే లేదు. పిల్లిని పది దినాలు బోనులో పెట్టి చూస్తాము. రేబిస్ అయితే ఆ పది దినాల్లో తెలిసిపోతుంది" అన్నాను.

"చస్తే?"

"చస్తే మీ మాట నిజం."

"చస్తే పదకొండో దినం మెస్సు కాలీ" అన్నాడు ఓనరు.

మెస్సు ఆవిడ నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఎందుకంటే ఓనరుకు తెలియనిది ఒకటి నాకు తెలుసు. ఆ దవడలో చీము నిజం. జ్వరం నిజం. రేబిస్ లేకపోయినా ఆ చీము రక్తంలోకి పోతే సూపర్‌వైజరు పది రోజులు బతకడు, బతికినా మూల నక్కి పడుకుంటాడు. అప్పుడు ఈ వీధి మొత్తానికి అది పిచ్చే. పిల్లి బతకాలన్నా, మెస్సు నిలవాలన్నా, నా కుర్చీ నాకు దక్కాలన్నా రోజుకు రెండు పూటలా ఆ మాత్ర వాడి గొంతు దిగాలి. ఇప్పుడు వాడిని ముట్టుకునే మనిషి ఆ వీధిలో లేడు.

గీరించుకున్నవాడు ఒక్కడు. సూది కోసం ఆటో ఎక్కినవాళ్ళు ఆ ఆటో పట్టనంతమంది. తోక తగిలినవాడు, గిన్నె పక్కన కూర్చున్నవాడు, కలలో పిల్లి వచ్చినవాడు. ఆసుపత్రిలో ఒక్కడికి వేసి, మిగతావాళ్ళకు బుద్ధి చెప్పి పంపారు. మర్నాడు ఒక ఫ్యాక్టరీ నుంచి క్లినిక్కుకు ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ సూపర్‌వైజర్ మా వర్కర్లను కరిచాడని లీవ్ అడుగుతున్నారు. ఆయన మీద కంప్లయింట్ ఎవరికి ఇవ్వాలి?"

బోను మెస్సులోనే తయారైంది. టమాటా క్రేట్లు తెచ్చి, తీగెతో కుట్టి, పలుపు తాళ్ళతో బిగించారు. తినేవాళ్ళలో సగం మంది ఫిట్టర్లే కాబట్టి తలుపుకు గడియ ఏ పక్క పెట్టాలన్నదాని మీద ఒక మీటింగు జరిగింది.

పొద్దున క్లినిక్కుకు పోయేముందు ఒకసారి, సాయంత్రం ఇంటికి పోయేముందు ఒకసారి నేనూ కాంపౌండరూ మూకండపల్లి పోయేవాళ్ళం. ఆయన తువ్వాలులో చుట్టేవాడు. నేను మాత్రను ముక్కలు చెయ్యకుండా, పొడి చెయ్యకుండా, కాస్త వెన్న రాసి నాలుక వెనక వేసి, సిరంజితో నీళ్ళు పట్టేదాన్ని. నీళ్ళు మరిచిపోకండి. పొడి మాత్ర పిల్లి గొంతులో అతుక్కుంటే లోపల పుండు పెడుతుంది. సూపర్‌వైజరు ప్రతి పూటా మా ఇద్దరినీ పేరుపేరునా తిట్టేవాడు. నేనూ ఊరుకోలేదు.

ఓనరు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బోను ఎదురుగా వేయించుకున్నాడు. పిచ్చి గుణాలు కనబడతాయేమోనని కాపలా. నాకు ఫోన్ల మీద ఫోన్లు.

"డాక్టరమ్మా, ఆవలించినాడు. అది గుణమేనా?"

"కాదు."

"నా తట్టే చూస్తా ఉండాడు. కన్నార్పడం లే."

"మీరూ ఆయన తట్టే చూస్తా ఉండారు గదా. మీకేమన్నా ఉండాదా?"

మరుసటి రోజు, "నీళ్ళు తాగినాడు" అన్నాడు, దిగులుగా.

నాలుగో రోజుకు వాపు సగం దిగింది. సూపర్‌వైజరు గుడ్డు తిన్నాడు. మెస్సు ఆవిడ మొహం వెలిగిపోయింది. వెంటనే ఆ పాత మాటే. "తగ్గిపోయె గదమ్మా. ఇంగ మాత్రలు సాలు గదా? వేడి..."

నేను నోరు తెరిచేలోగా కుర్చీలోంచి ఓనరు లేచాడు. "ఏయ్! నిలిపితే ఊరుకోను! చివరి మాత్రదాకా ఏయాల! నడిమధ్యన నిలిపేసి, రేపు వాడు చస్తే, 'రేబిస్ కాదప్పా, మాత్రలు నిలిపినందుకు చచ్చినాడు' అని తప్పించుకుంటారా? నాతాన ఆ లెక్కలు కుదరవు!"

నా ఉద్యోగ జీవితంలో యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చెయ్యమని నేను వేలమందికి చెప్పాను. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఇక పెద్దాయన. ఆ పది రోజులూ నాతో పలకలేదు. కాఫీ విడిగా తెప్పించుకున్నాడు. ఆరో రోజో ఏడో రోజో, నేను మామూలుకంటే ముందుగా క్లినిక్కుకు వచ్చేసరికి లోపల వాష్‌బేసిన్ దగ్గర ఎవరో ఖాండ్రించి ఉమ్ముతున్న చప్పుడు. తొంగి చూశాను. పెద్దాయన. కళ్ళల్లో నీళ్ళు, గడ్డం మీద నురగ, బేసిన్ అంచు మీద ఆ మందు స్ట్రిప్పు. అద్దంలో నన్ను చూశాడు. నేను చూడనట్టు వెనక్కి తిరగబోయాను.

"శానా చేదమ్మా" అన్నాడు.

"ఆవుకు ఏమనిపిస్తుందంటారు సార్?" అన్నాను.

కళ్ళద్దాలు తీశాడు. ఈసారి తమిళంలోకి మారాడు. ఆ రోజు నుంచి కాఫీ మళ్ళీ కలిపే వచ్చింది.

పదో రోజు సాయంత్రం వీధి వీధంతా మెస్సు ముందే. రెండు షిఫ్టులవాళ్ళు కలిసి నిలబడ్డారు. పెద్దాయన కూడా కారులో వచ్చి, దిగకుండా అద్దం మాత్రం దించాడు. కాంపౌండరు గడియ తీశాడు. సూపర్‌వైజరు బయటికి వచ్చి, ఒళ్ళు విరుచుకుని, వాపు జాడ లేని మొహంతో అందరినీ ఒకసారి తనిఖీ చేసి, నడుచుకుంటూ పోయి ఓనరు ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. ఓనరు నిలబడే ఉన్నాడు. కాసేపు పిల్లినీ కుర్చీనీ చూశాడు.

"కుర్చీ ఈడే ఉండనీ" అని గడ భుజాన వేసుకుని పోయాడు. మెస్సు నిలిచిందని మాకు అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. మెస్సు ఆవిడకు పట్టలేదు. అప్పటికే ఆమె కొంగు కళ్ళకు పోయింది, గొంతు మూడు షిఫ్టులకూ వచ్చేసింది. "ఆదివారం అందరూ రావాల! చేపల పులుసు!"

ఇక్కడ ఆపితే కథ నాకు చాలా గౌరవంగా ఉండేది. కాని ఆదివారం నేనూ పోయాను.

పులుసు వాసన వీధి చివరికి కొడుతోంది. బల్లల నిండా మనుషులు, ఎవరూ చెయ్యి పెట్టలేదు. క్వాలిటీ పాస్ కావాలి. ఆవిడ మంచి ముక్క ఏరి, ముళ్ళు తీసి, సూపర్‌వైజరు గిన్నెలో పెట్టి, "తిను నాయనా" అంది.

సూపర్‌వైజరు వచ్చాడు. వాసన చూశాడు. తల ఎత్తి ఆవిడను ఒక చూపు చూశాడు. తర్వాత ముంగాలితో గిన్నె చుట్టూ నేలను గీకాడు. ఎడమ పక్క, కుడి పక్క, నింపాదిగా, లేని మట్టి తీసి కప్పెట్టినట్టు. పిల్లి ఏ వస్తువును అలా కప్పెడుతుందో మీకు చెప్పక్కర్లేదు. తోక ఎత్తి వెళ్ళిపోయాడు.

బల్లల దగ్గర మెడలన్నీ చాచుకుని గిన్నెలోకి చూశాయి, ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది.

"రిజెక్ట్" అన్నాడు శ్రీకాకుళం కుర్రవాడు, మెల్లగా.

ఒక్కరూ చేప చీటీ తీసుకోలేదు. నేను లేచి, పులుసులో లోపం లేదు, పిల్లి నాలుకకు జ్ఞాపకం ఎక్కువ, చేదు తగిలిన తిండిని అది నెలల తరబడి క్షమించదు, తప్పు నూరడానిది అని ఉపన్యాసం ఇచ్చాను. అందరూ శ్రద్ధగా విన్నారు. విని, గుడ్డు కూర వేయించుకున్నారు. రోలు నాకిన డాక్టరు మాట కంటే చేప ముట్టని పిల్లి మాటకే అక్కడ విలువ ఎక్కువ.

తర్వాతి ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. సోమవారం పొద్దున్నే ఆవిడ క్లినిక్కుకు వచ్చింది, సంచి లేకుండా, ఒక్కతే. కుర్చీలో కూలబడింది.

"నా పులుసు పేరు పోయిందమ్మా. వాడు మళ్ళ చేప తినేటట్ల ఏదన్నా మాత్ర ఉంటే ఇయ్యండి."

"ఉన్నా, దేంట్లో పెట్టి ఇస్తావు?" అన్నాను.